గట్టిమేళం అన్నదెవరు?

సన్నాయి పీకను పెదవుల మధ్య తడుపుతూ, జాన్ సాహెబు ఒక కంట ఉయ్యాలను, ఇంకో కంట రామకోటయ్య గారి చూపుడువేలును కనిపెట్టి ఉన్నాడు. శుభకార్యంలో మేళగాడికి ఇంటి పెద్ద వేలే గడియారం. ఆ వేలు లేస్తే గట్టిమేళం. అది దిగేదాకా ఊపిరి ఉన్నా లేకపోయినా ఊదవలసిందే.

దీపాలు పెట్టే వేళ. పందిట్లో పెట్రోమాక్సు లైటు బుస్సుమంటోంది. పేరంటాళ్ళు ఉయ్యాల చుట్టూ మూగారు. రామకోటయ్య గారి కూతురు సుభాషిణి పసుపు చీర కట్టుకుని పీటమీద కూచుంది. ఆమె ఒళ్ళో ఇరవయ్యొక్క రోజుల పసివాడు గుప్పిళ్ళు బిగించి నిద్రపోతున్నాడు. రామకోటయ్య గారు ఆ చుట్టుపక్కల అందరికంటే ముందు ఖద్దరు కట్టిన మనిషి. ఉప్పు వండి జైలుకెళ్ళి వచ్చినవాడు. లేకలేక పుట్టిన మనవడికి ఏ పేరు పెడతాడో ఊళ్ళో చెప్పనక్కర లేకుండానే అందరికీ తెలుసు.

ఆయన వంగి, పసివాడి చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "మోహనదాసు" అన్నాడు. పేరు మూడుసార్లు చెప్పాలి.

ఒక్కసారే చెప్పాడు. వీధిలో సైకిలు దబ్బున పడ్డ చప్పుడైంది. పక్క టౌను పేట నుంచి తొక్కుకుంటూ వచ్చిన బడిపంతులు జయరాజు వాకిలి దగ్గర నిలబడి, రొప్పుతూ, "అయ్యా! ఢిల్లీలో మహాత్ముణ్ణి కాల్చి చంపేశారంట! రేడియోలో చెప్పారు!" అని పెద్దగా కేక పెట్టాడు.

రామకోటయ్య గారి వేలు లేచింది. "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడాయన.

శుభం జరిగే వేళ తుమ్మో, తిట్టో, చావుమాటో చెవిన పడబోతే దాన్ని ముంచెయ్యడానికే గట్టిమేళం పుట్టింది. ఎవరు అరిచారు, ఏమని అరిచారు అని మేళగాడు ఆరా తీయడు. పక్కన కూచున్న చెన్నకేశవులు డోలు మీద దరువెత్తుకున్నాడు. జాన్ సాహెబు బుగ్గలు నింపి సన్నాయి అందుకున్నాడు. "చంపేశారంట" అన్న ముక్క ఒక్కటే అతని చెవిన పడింది. ఏ పొలం గట్టు తగాదాలోనో ఎవరో పోయుంటారనుకున్నాడు. ఆ హోరులోనే రామకోటయ్య గారు మిగిలిన రెండుసార్లూ పేరు చెప్పి, వేలు దించి, అలాగే నేలమీద కూలబడ్డాడు.

మేళం ఆగాక గాని ఏడుపులు వినపడలేదు. ఎవరి చావో అప్పుడు తెలిసింది జాన్ సాహెబుకు. సన్నాయిని గుడ్డలో చుట్టి మూట కట్టాడు. పందిరి చివర చీకట్లోంచి ఎవరో అన్నారు: "ఎవడో తురకోడై ఉంటాడు."

అప్పుడు పేరంటాళ్ళందరి చూపూ ఒక్కసారి సన్నాయి మూట మీదకు తిరిగింది.

*

తెల్లవారినా తురకల వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కృష్ణ అవతల నైజాంలో రజాకార్లు ఊళ్ళు తగలబెడుతున్నారని, బళ్ళు కట్టుకుని ఏరు దాటి వచ్చినవాళ్ళు చెప్పిన కథలు గురజాల నుంచి పేట దాకా నోళ్ళలో నానుతున్నాయి. అప్పట్నుంచీ ఈ వీధివాళ్ళను చూసే చూపే మారిపోయింది. ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, మొక్కేది కొండమీద కోటయ్యకు కూడా. అయినా నైజాం వాళ్ళకు వీళ్ళు చుట్టాలైపోయారు.

జాన్ సాహెబు తలుపు సందులోంచి వీధిలోకి చూస్తూ కూచున్నాడు. వెనకనుంచి భార్య హజ్రా బీ, "చూసింది చాల్లే, రా" అంటోంది గాని తనూ వచ్చి అతని భుజం మీదుగా చూస్తూనే ఉంది.

ఎండెక్కాక సైకిలు షాపు సత్తార్ వచ్చి తలుపు తట్టాడు. "అన్నా, చంపింది మనోడు కాదంట! రాత్రే రేడియోలో చెప్పారంట. పేపర్లో కూడా పడింది."

హజ్రా బీ రెండు చేతులూ పైకెత్తి అల్లాకు మొక్కింది. మొక్కిన చేతులు సగంలోనే దించేసింది. "అంతటి మనిషి పోయాడని ఏడవాల్సింది పోయి, చంపింది మనోడు కానందుకు మొక్కుకుంటన్నా చూడు. ఏం బతుకులు మనవి!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గండం గడిచిందనుకుని జాన్ సాహెబు తువ్వాలు భుజాన వేసుకుని రచ్చ దగ్గరి కాఫీ హోటలుకు వెళ్ళాడు. అతను గడప తొక్కగానే లోపలి మాటలు ఆగిపోయాయి. కాఫీ ఇచ్చారు గాని చేతికి ఇవ్వలేదు, బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. మూల బల్ల దగ్గర జయరాజు పంతులు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"చంపింది ఎవడైతే ఏందిలే," అన్నాడొక ఆసామి గోడకేసి చూస్తూ, "సంబరం చేసుకుంది ఎవరో మన కళ్ళముందే కనపడింది గదా."

"ఎవరు బాబాయ్ సంబరం చేసుకుంది?" అన్నాడు జాన్ సాహెబు.

ఆసామి కాఫీ గ్లాసు ఎత్తుకున్నాడు. పంతులే అన్నాడు, కాస్త ఇబ్బంది పడుతూ: "సాహెబూ, నేను అబద్ధం చెప్పను. నేను మహాత్ముణ్ణి చంపేశారని కేక పెట్టటం, నీ సన్నాయి లేవటం ఒక్కసారే జరిగింది. వాకిట్లో నిలబడి నా కళ్ళతో చూశాను. అడిగినవాళ్ళకు అదే చెప్పాను."

"రామకోటయ్య గారు గట్టిమేళం అన్నారు పంతులుగారూ! ఆయన అంటేనే గదా..."

"ఆయన ఆపమని చెయ్యెత్తాడంట. నువ్వు ఆపకుండా ఇంకా పెంచావంట."

"ఎవరన్నారు?"

పంతులు పేపరు మళ్ళీ విప్పాడు. "ఆయనే అన్నాడు."

బల్లమీది కాఫీ అలాగే ఉండిపోయింది.

*

ఇన్నేళ్ళుగా ఆ ఇంట పెళ్ళికీ పేరంటానికీ ఊదిన మనిషి. నేరుగా వెళ్ళి అడిగితే సరిపోతుందనుకున్నాడు. రామకోటయ్య గారి వాకిట్లో పందిరి అప్పుడే విప్పేశారు. గుంజలు తీసిన గుంటలు మాత్రం పూడ్చలేదు. వసారాలో ఆయన భార్య ప్రమీలమ్మ బియ్యం చెరుగుతోంది. జాన్ సాహెబును చూడగానే చేట వేగం పెరిగింది.

"అమ్మగారూ, అయ్యగారితో ఒక్క మాట చెప్పాలి."

"ఆయనకు ఒంట్లో బాగాలేదు."

"ఒక్క నిమిషం చాలమ్మా. మీరు అక్కడే ఉన్నారు. అయ్యగారు ఏమన్నారో మీరూ విన్నారు గదా?"

ప్రమీలమ్మ చేటలోంచి తల ఎత్తలేదు. రాళ్ళు లేని బియ్యంలో రాళ్ళు వెతుకుతోంది. లోపల పసివాడు ఏడ్చాడు. "వచ్చె, వచ్చె, ఓరి నా చిన్నోడా" అంటూ ఆమె చేట వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. అంత ఆర్భాటంగా చెవిలో చెప్పిన పేరును ఆ ఇంట్లో ఎవరూ నోటితో పలకడం లేదని జాన్ సాహెబుకు తట్టింది.

వెనుదిరిగి సందులోకి వచ్చేసరికి, ఆ ఇంటి దొడ్డితలుపు తెరుచుకుని చెన్నకేశవులు బయటికొచ్చాడు. చంకలో కత్తుల పొది. మేళం లేనప్పుడు అతనిది క్షవరాల పనే. జాన్ సాహెబు వైపు చూసినట్టే చూసి, అంతలోనే కళ్ళు దించుకుని, రెండో సందులోకి మళ్ళిపోయాడు.

జాన్ సాహెబు అక్కడే నిలబడిపోయాడు. ఒంట్లో బాగాలేని మనిషికి గడ్డం గీయించుకోవడానికి మాత్రం ఓపిక ఉందన్నమాట. గట్టిమేళం అన్న మాట అందరికంటే దగ్గరగా విన్నవాడు చెన్నకేశవులు. ముందు దరువెత్తింది వాడు. వాడిని ఒక్కడూ ఒక్క మాటా అనలేదు. వాడూ ఎక్కడా నోరు విప్పలేదు. పైగా దొడ్డిదారిన ఆ ఇంటికి పోయి వస్తున్నాడు.

ఆ మర్నాడు కూడా వెళ్ళాడని సత్తార్ చెప్పాడు. ఆ తర్వాతి రోజు జాన్ సాహెబు తనే సందు మలుపులో నక్కి చూశాడు. నిజమే. పొది చంకన పెట్టుకుని వెళ్ళాడు, తల వంచుకుని వచ్చాడు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. దానికి రోజూ ఇంత మేత పడుతూనే ఉంది. శివరాత్రికి కొండకు కట్టుకెళ్ళే ఊరి ప్రభ ముందు ఈ ఏడు జాన్ సాహెబు సన్నాయి వద్దని పెద్దలు అనుకున్నారట. తాత ఊదాడు, తండ్రి ఊదాడు. తండ్రి పోయిన ఏడు కూడా కళ్ళు తుడుచుకుంటూ జాన్ సాహెబే ఊదాడు. ఆకాశాన్నంటే ఆ వెదురు ప్రభ కదలాలంటే ముందు అతని సన్నాయి లేవాలి. ఆ కబురు విన్న పూట అన్నం సహించలేదు అతనికి.

"మరి ఎవరిని పిలుస్తారంట?" అంది హజ్రా బీ.

"పేటలో చూస్తన్నారంట. చెన్నకేశవులు అల్లుడు కూడా సన్నాయి పడతాడుగా. వాణ్ణే పెడతారేమో." అనేశాక ఆ మాట తనకే నిజమనిపించింది. "అదీ సంగతి! అందుకే వాడి నోరు లేవటంలేదు. అందుకే దొడ్డిదారి పట్టాడు."

"ఎవరన్నారు వాళ్ళ అల్లుణ్ణి పెడతారని?"

"ఎవరో ఎందుకు అనాల? నాకు తెలవదా!"

హజ్రా బీ పొయ్యిలో పుల్ల ఎగదోసి అతనికేసి తిరిగింది. "మన పెళ్ళినాటి నుంచీ నీ పక్కన కూచుని డోలు కొడుతున్నాడు ఆ మనిషి. నాకు కానుపు కష్టమైనప్పుడు మంత్రసానిగా వాళ్ళమ్మ గదా వచ్చింది? పో, పోయి మొహాన అడుగు. మనసులో పెట్టుకుని కుళ్ళుతావేంది?"

"అడిగితే చెబుతాడా దొంగ?"

"అడక్కుండానే దొంగ అంటన్నావు. నిన్ను గూడా ఊరోళ్ళు అడిగారా ఏంది?"

అది సూటిగా తగిలింది. తగిలింది గనకనే అతనికి కోపం వచ్చింది. లేచి బయటికి పోయాడు.

రోజు విడిచి రోజు చెన్నకేశవులు అరుగు మీద కూచుని గడ్డం గీయించుకునే అలవాటు అతనిది. పీక పట్టే నోటి చుట్టూ వెంట్రుక ఉంటే అతనికి చిరాకు. ఆ అరుగు వైపు ఇప్పుడు అడుగు పడటంలేదు. కత్తి పట్టుకున్న ఆ చేతికి మెడ అప్పజెప్పడమా? తలుచుకుంటేనే గొంతు దగ్గర జలదరించింది. దాంతో గడ్డం మాసి, పెరిగి, చెంపలు కమ్ముకుంది.

ఊరికి అదీ చాలింది. "చూశారా, గడ్డం పెంచుతన్నాడు. రజాకార్ల ఫర్మానా అందినట్టుంది" అన్నారు కాఫీ హోటల్లో. నీళ్ళకు పోయిన హజ్రా బీ ఆ మాట బావి దగ్గర విని, బిందె సగం నింపుకునే ఇంటికొచ్చింది.

*

మహాత్ముడు పోయిన పదో రోజున ఊరి మగవాళ్ళంతా వాగు ఒడ్డున గుండ్లు చేయించుకోవాలని నిర్ణయమైంది. తండ్రి పోతే ఎట్లాగో అట్లాగే. ముందుగా గుండు చేయించుకునేది రామకోటయ్య గారు.

జాన్ సాహెబు కూడా బయల్దేరాడు. గుండు చేయించుకోవడానికి కాదు. రాత్రంతా మాటలు పేర్చుకున్నాడు. నలుగురి ముందూ చెన్నకేశవుల్ని నిలదీయాలి. ఒరేయ్, దరువెత్తింది నువ్వు కాదా? ఆ ఇంట్లో నీకేం ముట్టింది? నీ అల్లుడికి ప్రభ ముందు చోటు కోసం నన్ను అమ్మేశావా? ఇంత బతుకూ బతికి ఇంటి వెనక చావనురా, అడిగే చస్తాను అనుకున్నాడు. వాగు దగ్గరకు వచ్చి, తుమ్మచెట్టు కింద దూరంగా నిలబడ్డాడు. అతన్ని చూసి జనం మోచేతులతో పొడుచుకున్నారు.

ఒడ్డున చదునైన బండమీద రామకోటయ్య గారు చొక్కా తీసేసి కూచున్నాడు. ఈ పదిరోజుల్లో మనిషి సగమయ్యాడు. చెన్నకేశవులు చెంబుతో నీళ్ళు పోసి, జుట్టు బాగా నానబెట్టి, కత్తి తీశాడు. నడినెత్తి నుంచి కుడివైపుకు గీయడం మొదలుపెట్టాడు. తెల్లవెంట్రుకలు పాయలు పాయలుగా ఆయన భుజాల మీద పడ్డాయి. అతని చెయ్యి ఎప్పుడూ చూసే చెయ్యే, తొందరా లేదు, తడబాటూ లేదు. కుడివైపు నున్నగా అయింది. ఎడమవైపు మొదలుపెట్టకుండా అతను కత్తి నీళ్ళలో ముంచి, తుడిచి, పొదిలోంచి తోలుపట్టీ తీశాడు.

"ఏరా, ఆపావే?" అన్నాడు రామకోటయ్య గారు.

"కత్తి మొద్దుబోయిందయ్యా. నూరుకోవాల."

పట్టీ చివర కాలివేలితో తొక్కిపట్టి కత్తిని పైకీ కిందికీ ఆడించసాగాడు. సర్రు, సర్రు. జనం చూస్తున్నారు. ఎంతసేపు నూరినా అతనికి పదును చాలడం లేదు. గొంతు పెంచకుండా, కత్తి మీదే చూపు ఉంచి అడిగాడు: "అయ్యా, ఆ పొద్దు గట్టిమేళం అన్నది ఎవరు?"

రామకోటయ్య గారి మెడ బిగుసుకుంది. "ఇప్పుడా అడిగేది?"

"రోజూ అడుగుతానే ఉన్నా గదయ్యా. తమరికి గడ్డం గీయడానికి వచ్చినప్పుడల్లా అడిగా. కాళ్ళు పట్టుకుని అడిగా. రేపు చెబుతాలేరా, రేపు నలుగుర్నీ పిలిచి చెబుతాలే అన్నారు. పెద్దోరు, మీరే చెబితే బాగుంటదని నేను నోరు కట్టేసుకున్నా. ఇయ్యాల ఆ మహాత్ముడికే గుండు చేయించుకుంటన్నారు. ఇయ్యాల కూడా రేపేనా అయ్యా?"

"ముందు పని కానియ్యరా!"

"కత్తి పదునెక్కటంలేదయ్యా."

సర్రు, సర్రు. అవతల బండమీద ఇంకొకరికి నీళ్ళు పోస్తున్న చెన్నకేశవులు తమ్ముడు కూడా చెంబు కింద పెట్టి, వాగులో చేపలేమైనా ఉన్నాయా అన్నట్టు నీళ్ళలోకి చూస్తున్నాడు. సగం గుండుతో రామకోటయ్య గారు ఆ జనాన్నంతా చూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన కోప్పడి లేచిపోయేవాడేమో.

"నేనే," అన్నాడు.

ముందున్న వాళ్ళకే వినపడింది. మళ్ళీ గట్టిగా అన్నాడు. "నేనే అన్నాను. గట్టిమేళం అన్నది నేనే. పసివాడి చెవిలో ఆయన పేరు చెబుతున్నాను. ఒకసారి చెప్పానో లేదో, పంతులు కేక పెట్టాడు. ఆ పేరూ ఆ చావూ కలిసి బిడ్డ చెవిలో పడతాయని ప్రాణం జల్లుమంది. చెయ్యి దానంతటదే లేచింది. ఆయన పోయాడని తెలిసీ గట్టిమేళం పెట్టించాడు, ఏం ఖద్దరురా వీడిది అని మీరంతా ఉమ్ముతారని..." ఆయన భుజం మీద పడ్డ వెంట్రుకల్ని తుడిచేసుకున్నాడు. "ఆపమన్నానని చెప్పాను. ఆ మాట నమ్మటానికి మీకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఇక దాన్నే పట్టుకు కూచున్నాను."

జయరాజు పంతులు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "నేను వాకిట్లో ఉన్నాను. మేళమే విన్నాను, ఆ మాట వినలేదు" అని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు.

జనంలోంచి ఒక గొంతు సణిగింది. "అనుకో. అయినా ఆ సాయిబు ఆపొచ్చుగా."

చెన్నకేశవులు కత్తి ఎత్తి ఆ గొంతు వైపు తిరిగాడు. అప్పుడు మాత్రం అతని గొంతు లేచింది. "ముందు దరువెత్తుకుంది నేను. ఆ చావుకేకంతా విని, విన్నాక ఎత్తుకున్నా. పదిరోజులైంది, ఏమిరా చెన్నకేశవులూ, నువ్వెందుకు కొట్టావురా అని నన్నొక్కడన్నా అడిగాడా? ఎందుకు అడగలేదో చెప్పండి! చెబితే ఈ కత్తి ఇక్కడే పారేసి పోతా."

ప్రభ సంగతి చూసే పెద్దమనిషి తుమ్మచెట్టు వైపు రెండడుగులు వేసి, "సాహెబూ, పేటకు పంపిన కబురు వెనక్కి తెప్పిస్తాలే" అని గొణిగి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. చెన్నకేశవులు కత్తి వేలిమీద ఆనించి చూసుకుని, ఇప్పుడు సరిపోయిందన్నట్టు తలూపి, రామకోటయ్య గారి ఎడమవైపు కూడా నున్నగా పూర్తిచేశాడు. ఆయన వాగులో మునిగి, ఎవరికేసీ చూడకుండా గట్టెక్కాడు. తుమ్మచెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, చేతులు జోడించబోయి, జోడించలేక, తడిబట్టలతోనే నడిచిపోయాడు.

జాన్ సాహెబుకు ఆయన మీద రావలసిన కోపం ఎందుకో రాలేదు. రాత్రంతా పేర్చుకున్న మాటలు నోట్లో చేదుగా తగులుతున్నాయి. ఊరు తనను ఒక్క మాట అడగకుండా దోషిని చేసిందని కుమిలిపోయాడే, తను చేసిందేమిటి? సందు మలుపులో నక్కి చూశాడు. కళ్ళు దించుకుంటే ద్రోహం అనుకున్నాడు. అల్లుడి కథ తనే అల్లి తనే నమ్మాడు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయినట్టయింది.

తువ్వాలు తీసి కొమ్మకు వేలాడదీసి, జనం మధ్యలోంచి నడిచొచ్చి, బండమీద చెన్నకేశవులు ముందు కూచున్నాడు.

"నువ్వేంది బావా? నీకెందుకు?" అన్నాడు చెన్నకేశవులు.

"ఆయన మీకొక్కళ్ళకే చచ్చాడా?"

చెన్నకేశవులు చెంబు ముంచాడు. నీళ్ళు తలమీద పడుతుంటే జాన్ సాహెబు, "కేశవులూ, నేను నీ మీద..." అని ఆగిపోయాడు.

"తెలుసులే."

"ఏం తెలుసు?"

"రోజు విడిచి రోజు నా అరుగెక్కే మనిషివి. గడ్డం మాసి తిరుగుతుంటే చూళ్ళేదనుకున్నావా? ఊళ్ళో వాళ్ళు రజాకారు గడ్డం అన్నారు. అది ఎవరి గడ్డమో నాకు తెలవదా? నా కత్తి కింద కూచోటానికి జంకుతన్నావు." అతను చేత్తో గడ్డానికి నీళ్ళు రాస్తున్నాడు. "రామకోటయ్యగారి మాటకంటే నాకు అదే ఎక్కువ బాధయింది బావా. సందులో నిలబడి చూస్తివి గాని, కేశవులూ అని ఒక్క కేక వెయ్యకపోతివి."

జాన్ సాహెబు బండమీద ఇంకాస్త అతని దగ్గరికి జరిగి కూచున్నాడు. వరసలో నిలబడ్డవాళ్ళు మాటలు మానేసి వాళ్ళిద్దరి వైపే చూస్తున్నారు. చెన్నకేశవులు కత్తి తీసి, మోకాలి మీద తుడిచాడు.

"ముందు తలా, గడ్డమా?"

"గడ్డమే," అన్నాడు జాన్ సాహెబు. తల వెనక్కి వాల్చి, గొంతు చాచి, కళ్ళు మూసుకున్నాడు.